కన్నీరు ఎక్కడ కారుతుంది?

మన విమర్శకులు ఒక సినిమానో నవలనో కొట్టిపారేయదలచుకున్నప్పుడు ముందుగా చేతికందే మాట ‘మెలోడ్రామా’. ఆ మాట అన్నాక ఇక పరిశీలన అక్కర్లేదన్నట్టు ముందుకు సాగిపోవడం మనకు అలవాటైంది. మధ్యతరగతి స్త్రీల చేత కన్నీళ్లు పెట్టించి, ఆ కన్నీళ్లను టిక్కెట్లుగా మార్చుకునే వ్యాపారమని మన తీర్పు. ఈ వ్యాస రచయిత కూడా చాలాకాలం అదే తీర్పును తరగతి గదిలోనూ సభల్లోనూ నమ్మకంగా చెబుతూ వచ్చాడు. ఆ నమ్మకాన్ని కదిలించింది సిద్ధాంత గ్రంథం కాదు, గుణదల కొండ దిగువన మా పక్క వాటాలో వుండే, వరసకు పిన్ని అయ్యే ఒక వృద్ధురాలు.

ఒకనాటి మధ్యాహ్నం టీవీలో ‘ప్రేమనగర్’ వస్తోంది. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆ సినిమా ఆమె పడుచుతనంలో నేల టిక్కెట్టు కొనుక్కుని చూసింది; తర్వాత ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. జమీందారీ విలాసాన్ని రంగుల్లో ముంచి చూపించి పేదవాళ్ల చేత కన్నీరు కార్పించే సినిమా అది అని నేను నా ధోరణిలో వివరించబోయాను. పిన్ని మధ్యలోనే అందుకుంది: “అదంతా నాకు తెలీదురా అబ్బాయ్. ఆ పిల్లని దొంగ అన్నారు చూడు, నాకు అక్కడే ఏడుపొస్తది. వాడు విషం తాగినప్పుడు నాకేం రాదు. వాడికి డాక్టర్లుంటారుగా!”

పిన్ని నలభై ఏళ్లు నాలుగిళ్లలో వంట చేసి పిల్లల్ని పెంచింది. ఒక ఇంట్లో గొలుసు కనపడలేదని ఆమె సంచీ బోర్లించి వెతికారు. మర్నాడు గొలుసు పరుపు కింద దొరికింది. తప్పయిందని ఎవరూ అనలేదు. నెలాఖరు జీతం మాత్రం ఇచ్చారు. ఆ సంగతి ఆమె నాకు ఆ రోజే మొదటిసారి చెప్పింది.

సినిమా మొత్తం కథానాయకుడి చుట్టూ తిరుగుతుంది. ప్రేక్షకురాలి కన్నీరు మాత్రం కథ ఆమెను ఏడవమని అడిగిన చోట కారలేదు. తన బతుకు గుర్తుకొచ్చిన చోట కారింది. ఇది నిజమైతే, మెలోడ్రామాను గురించి మనం అడగవలసిన ప్రశ్న ‘ఎందుకు ఏడిపిస్తుంది’ అనేది కాదు. ‘ప్రేక్షకురాలు ఎక్కడ ఏడుస్తుంది, ఆ చోటుకి కథ చివరికి ఏం చేస్తుంది’ అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నతో ఆ ప్రక్రియ చరిత్రను తిరిగి చూస్తే, అభ్యుదయ సాహిత్యోద్యమానికి దానితో వున్న బంధుత్వం మనం ఒప్పుకున్న దానికంటే చాలా దగ్గరిదని తేలుతుంది.

మెలోడ్రామా పుట్టుకే ఒక విప్లవంతో ముడిపడి వుంది. ఫ్రెంచి విప్లవం రాజునూ మతగురువునూ గద్దె దింపిన తర్వాత, న్యాయాన్యాయాలను చెప్పే పాత అధికారాలు కూలిన ఆ కాలంలో, పారిస్ సామాన్యుల నాటకశాలల్లో సంగీతంతో కలిసిన కొత్త నాటకం తలెత్తింది. 1800లో పిక్సెరెకూర్ రాసిన ‘సెలీనా’ దానికి తొలి గొప్ప విజయం. నిర్దోషి మీద నింద పడడం, ఆ నింద అబద్ధమని మనకు తెలిసినా పాత్రలకు తెలియకపోవడం, నిజం బయటపడేసరికి ఆలస్యం కావడం – రెండు వందల ఏళ్లకు పైగా ఈ మూడు మెట్ల మీదే మెలోడ్రామా నిలబడింది. అక్షరం రాని జనానికి, న్యాయస్థానం మెట్లెక్కలేని జనానికి, అది ఒక న్యాయస్థానం. అక్కడ ప్రేక్షకుడే సాక్షి. నిజం తెలిసి కూడా చెప్పలేని సాక్షి. ఆ నిస్సహాయతలోంచే కన్నీరు వస్తుంది.

ఈ ప్రక్రియను తళుకుబెళుకుల శిఖరానికి తీసుకుపోయింది 1950లలోని హాలీవుడ్డు. అందులో అగ్రగణ్యుడు డగ్లస్ సర్క్. ఆయన జీవితం మన చర్చకు చాలా అవసరం. 1897లో హాంబర్గులో పుట్టిన ఈయన అసలు పేరు డెట్లెఫ్ సియెర్క్. జర్మన్ రంగస్థలంపై పేరున్న దర్శకుడు. బ్రెహ్ట్ ‘త్రీపెన్నీ ఒపేరా’ను 1929లో బ్రేమెన్‌లో ప్రదర్శించినవాడు. నాజీలు వచ్చాక కొన్నేళ్లు అక్కడే సినిమాలు తీసి, 1937లో దేశం విడిచిపెట్టాడు. రెండవ భార్య యూదురాలు. మొదటి భార్య నాజీ పక్షం చేరి, కొడుకును తండ్రి కంటపడనివ్వలేదు. ఆ కొడుకు 1944లో తూర్పు యుద్ధరంగంలో చనిపోయాడు. ఇలాంటి మనిషి అమెరికా చేరి, యూనివర్సల్ సంస్థలో రాక్ హడ్సన్, జేన్ వైమన్, లానా టర్నర్ వంటి తారలతో ‘ఆడవాళ్ల సినిమాలు’ అని ఎగతాళికి గురైన చిత్రాలు తీశాడు.

వాటిలో చివరిది 1959 నాటి ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’. 1933లో ఫానీ హర్‌స్ట్ రాసిన నవల దాని మూలం. పేర్లు పడుతున్నంతసేపూ తెర నిండా వజ్రాల్లా మెరిసే రాళ్లు రాలుతూ వుంటాయి. కథ ఒక తెల్లజాతి నటిది. కాని ఆ ఇంట్లో అన్నీ అనే నల్లజాతి స్త్రీ ఒకరు పనిచేస్తూ వుంటుంది. ఆమె కూతురు సారా జేన్ తెల్లగా పుట్టింది. తల్లి నలుపును దాచి తెల్లపిల్లగా చలామణి కావాలనుకుంటుంది. తల్లి వెతుక్కుంటూ వెళితే ఎవరో పరాయిదానిలా నటిస్తుంది. చివరికి తల్లి మనసు విరిగి చనిపోతుంది. తెల్లగుర్రాలు లాగే బండిలో అంత్యక్రియల ఊరేగింపు, ప్రార్థనా మందిరంలో మహేలియా జాక్సన్ గానం, జనాన్ని తోసుకుంటూ వచ్చి శవపేటిక మీద పడి ఏడ్చే కూతురు – ఆ ఘట్టం చూసి కన్ను చెమర్చనివారు అరుదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి వుంది. సినిమా పేరుకు కథానాయిక లానా టర్నర్. నగలు ఆమెవి, చీనాంబరాలు ఆమెవి, ప్రేమకథ ఆమెది. ప్రేక్షకులు మాత్రం ఏడ్చేది పనిమనిషి కోసం. తళుకంతా ఒక పక్క పోగుపడి, దుఃఖమంతా మరో పక్క పోగుపడింది. సర్క్ ఆ తళుకును దుఃఖానికి అడ్డుగా పెట్టలేదు, కొలతబద్దగా పెట్టాడు. ఇల్లు ఎంత మెరిస్తే వంటగది అంత చీకటిగా కనిపిస్తుంది. అంత్యక్రియలు ముగిశాక కథ ఎవరికీ ఏ న్యాయమూ చేయదు. జాతి వివక్ష ఎక్కడిదక్కడే వుంది. కూతురు కారులో కూర్చుంది, అంతే. అమెరికాలో పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంటున్న రోజుల్లో, ఎగతాళికి గురైన ఈ ఏడుపు సినిమా, జాతి సమస్యకు ఇంటి లోపల ఓదార్పు దొరకదని చెప్పింది. ఆ తర్వాత సర్క్ హాలీవుడ్డును వదిలి ఐరోపాకు వెళ్లిపోయాడు, 1987లో కన్నుమూశాడు. జర్మన్ దర్శకుడు ఫాస్‌బైండర్ 1971లో ఆయన సినిమాలపై వ్యాసం రాసి, వాటి స్ఫూర్తితో 1974లో ‘అలీ’ తీసేవరకు మేధావిలోకం వాటిలో పదునును పెద్దగా పట్టించుకోలేదు.

బ్రెహ్ట్ నాటకాన్ని ఆడించిన చేతులే ఈ మెలోడ్రామాలు తీశాయన్నది యాదృచ్ఛికమని కొందరు అనవచ్చు. కాని ఇదే సంగతి మన కృష్ణాడెల్టాలో కూడా జరిగింది.

తెలుగు సినిమా చరిత్రలో అభ్యుదయ ధోరణికి తొలి గుర్తు గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938). కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి. అయిదేళ్ల తర్వాత 1943 ఫిబ్రవరిలో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు అధ్యక్షత వహించినవారూ తాపీవారే. అస్పృశ్యతను ఎదిరించిన ఆ చిత్రం వాదనతో సరిపెట్టుకోలేదు. ఛాందసుడి భార్య మంటల్లో చిక్కుకోవడం, దళితుడు ప్రాణాలకు తెగించి ఆమెను కాపాడడం, ఆ తర్వాత ఆయన కళ్లు తెరుచుకోవడం – ఇది అచ్చమైన మెలోడ్రామా ఘట్టం. ఆ మరుసటి ఏడు వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారీ వ్యవస్థపై దాడి చేసి నిషేధాలను ఎదుర్కొన్నది. ఆ చిత్రాలు తీసిన సారథి సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు పెట్టుబడి వుండడం చరిత్ర చేసిన చమత్కారం.

డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. 1855 నాటికి పూర్తయిన కృష్ణ ఆనకట్ట డెల్టాను పంటల సీమగా మార్చింది. ఆ పొలాల్లో మిగిలిన సొమ్ము బియ్యపు మిల్లుల్లోకీ వడ్డీ వ్యాపారంలోకీ వెళ్లినట్టే సినిమాలోకీ వెళ్లింది. 1921లోనే పోతిన శ్రీనివాసరావు విజయవాడలో మారుతీ సినిమాహాలు కట్టారు. తరువాతి దశాబ్దాల్లో విజయవాడ గాంధీనగరం తెలుగు చిత్రాల పంపిణీకి రాజధాని అయింది. నవయుగ వంటి పంపిణీ సంస్థలు ఇక్కడినుంచే ఏ సినిమా ఏ వూళ్లో ఆడాలో నిర్ణయించాయి. మద్రాసులో తీసే సినిమా భవిష్యత్తు విజయవాడ మాటినీలో తేలేది.

ఆ విజయవాడలోనే ప్రజానాట్యమండలి ఊపిరి పోసుకున్నది. 1943 తర్వాత బుర్రకథలతో, ‘ముందడుగు’, ‘మాభూమి’ నాటకాలతో అది ఊరూరా తిరిగి ప్రజలను కదిలించింది. ‘మాభూమి’ కర్తలు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. నిర్బంధం వచ్చాక ఆ కళాకారుల్లో చాలామంది మద్రాసు చేరారు. డాక్టర్ గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’ (1953) తీశారు. జమునకు అదే తొలిచిత్రం. ఆ చిత్రం ఆర్థికంగా దెబ్బతిన్నది. అదే ఏడు వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన ‘దేవదాసు’ తెలుగునాట కన్నీటి వరద పారించింది. శరత్ నవలలోని కులాంతరం, ధనాంతరం చివరకు జమీందారు ఇంటి తలుపుగా మారి పార్వతి ముఖం మీద మూసుకున్నాయి. ఆ తలుపు ముందు నిలబడి ఏడ్చిన జనం సిద్ధాంతం చదవకపోవచ్చు. తలుపు ఎవరిదో మాత్రం వారికి తెలుసు.

ఆ పాఠం మండలి నుంచి వెళ్లిన తక్కిన దర్శకులు నేర్చుకున్నారు. తాతినేని ప్రకాశరావు 1952లో ‘పల్లెటూరు’తో మొదలుపెట్టి 1959లో ‘ఇల్లరికం’ వంటి కుటుంబ చిత్రాలకు వచ్చారు. హిందీలో కూడా ఆ ఒరవడిలోనే పేరు తెచ్చుకున్నారు. కృష్ణాజిల్లా నుంచే వెళ్లిన వి.మధుసూదనరావు 1962లో ‘రక్తసంబంధం’తో అన్నాచెల్లెళ్ల అనుబంధం పేరిట తెలుగు ఇళ్లను ఏడిపించారు. వీరిని గురించి మనవాళ్లు ‘వ్యాపారానికి అమ్ముడుపోయారు’ అని తేల్చేశారు. ఆ మాటలో కొంత నిజం వుంది. కాని మండలి వేదిక మీద వాళ్లు నేర్చిన విద్యే – మాటకంటే ముందు పాటతో, వాదనకంటే ముందు సన్నివేశంతో జనాన్ని పట్టుకోవడం – సినిమాల్లోనూ పనిచేసింది. ఆ విద్య సొంతదారులం మనమే అయి వుండి, దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాం.

ఇక ‘ప్రేమనగర్’ దగ్గరికి వద్దాం. 1960లలో తెలుగు వారపత్రికలూ మాసపత్రికలూ స్త్రీల నవలలతో నిండిపోయాయి. ఆంధ్రప్రభ పోటీలో బహుమతి పొందిన కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) రాష్ట్ర ప్రభుత్వపు తొలి బంగారు నందిని అందుకొన్నది. కృష్ణాజిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’తో ఇంటింటి రచయిత్రి అయింది. అద్దె పుస్తకాల షాపుల్లో ఈ నవలల అట్టలు నలిగి చిరిగిపోయేవి. మన విమర్శకులు ఆ నవలల్లో మేడలనూ కార్లనూ ఆరడుగుల అందగాడినీ చూశారు. వాటిని చదివే అమ్మాయిలు ఇంకొకటి కూడా చూశారు: కథానాయిక ఉద్యోగం చేస్తోంది. తెలుగు మధ్యతరగతి ఆడపిల్ల చదువుకుని, మొదటిసారిగా పరాయి మగవాడి ముందు జీతానికి నిలబడుతున్న కాలం అది. అక్కడ ఆమెను ఏమంటారో, ఏమనుకుంటారో అన్న భయం ఏ ప్రభుత్వ నివేదికలోనూ లేదు. ఈ నవలల్లో వుంది.

కౌసల్యాదేవి నవల ‘ప్రేమనగర్’ను డి.రామానాయుడు 1971లో చిత్రంగా నిర్మించారు. దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావు కృష్ణాజిల్లా కోలవెన్ను వాడు. మాటలూ పాటలూ ఆచార్య ఆత్రేయవి; సంగీతం కె.వి.మహదేవన్‌ది. తాగుబోతు జమీందారు కల్యాణ్‌గా అక్కినేని నాగేశ్వరరావు, విమానంలో పరిచారిక ఉద్యోగం వదిలి అతని దగ్గర సెక్రటరీగా చేరిన లతగా వాణిశ్రీ నటించారు. ఈస్ట్‌మన్ రంగుల్లో మహలు, ఆ మహలు మెట్లు, అద్దాలు, వాణిశ్రీ చీరలు, కొప్పు – తళుకుకు లోటు లేదు. తెలుగునాట ఆడవాళ్లు ఆ చీరలు కొనుక్కున్నారు, ఆ కొప్పు పెట్టుకున్నారు. మరుసటి ఏడు తమిళంలో ‘వసంత మాళిగై’గా, 1974లో హిందీలో అదే పేరుతో మళ్లీ తీశారు.

కథలో కీలకం లత మీద పడిన నింద. జమీందారు ఇంటివాళ్లు ఆమెను దొంగను చేస్తారు. ఆమె నిర్దోషి అని మనకు తెలుసు, కల్యాణ్‌కు తెలియదు. అతను కూడా ఆమెను అనుమానిస్తాడు. ఇక్కడ జరిగింది ప్రేమికుల మధ్య అపార్థం అని విమర్శకుడు అనుకోవచ్చు. పిన్ని అలా అనుకోలేదు. ఆస్తి వున్న ఇల్లు, జీతం తీసుకునే మనిషిని దొంగ అన్నది. ఆమె సంపాదించుకున్న గౌరవం ఒక్క మాటతో పోయింది. ఇంత సూటిగా శ్రామిక స్త్రీ అవమానాన్ని అప్పటి మన కథల్లో ఎన్ని చెప్పాయి? మాటలు రాసిన ఆత్రేయ ఒకప్పుడు గుమాస్తా బతుకులోని ఈతిబాధలను ‘ఎన్.జి.ఓ.’ నాటకంగా రాసిన మనిషి అని గుర్తు చేసుకుంటే, ఆ ఘట్టానికి బలం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. నెలజీతగాడి మానం ఎంత పలచని గాజు గోడ చాటున వుంటుందో ఆయనకు తెలుసు.

అక్కడ ఆ మహలు తళుకు కూడా పనిచేసింది. పూరిగుడిసెలో ఆడదాన్ని దొంగ అంటే జాలి కలుగుతుంది. పాలరాతి మెట్ల మీద, అందరి కళ్లముందు, ఆమె కట్టుకున్న చీరతో సహా అంతా వాళ్ల ఐశ్వర్యమే అనిపించే చోట దొంగ అంటే, ఆ ఇంటి మెరుపంతా ఆమె మీద పడ్డ ఆరోపణ అవుతుంది. తళుకు లేకపోతే ఆ ఘట్టానికి సగం బలం లేదు. తళుకును చూసి మండిపడే మనం, తళుకు చేసిన ఈ పని చూడలేదు.

అయితే సినిమా అక్కడ ఆగదు. అవమానం నుంచి కథ తప్పించుకుపోతుంది. నిజం తెలిసిన కల్యాణ్ పశ్చాత్తాపంతో కుమిలిపోతాడు, మళ్లీ తాగుతాడు, చివరికి విషం తాగుతాడు. అంతవరకూ లతది అయిన బాధ క్రమంగా అతనిది అవుతుంది. దొంగ అని నింద పడ్డ మనిషికి దక్కవలసిన క్షమాపణ, మగవాడి ఆత్మహత్యా ప్రయత్నం ముందు చిన్నదైపోతుంది. ఆమే వచ్చి అతన్ని క్షమించవలసి వస్తుంది. మొదటి సగంలో లేచిన సామాజిక ప్రశ్నకు రెండో సగం ప్రేమతో జవాబు చెప్పి నోరు మూయిస్తుంది. మనం విమర్శించవలసిన చోటు ఇది. కన్నీటిని గాక, కన్నీటి దారి మళ్లింపును తప్పుపట్టాలి. పిన్ని ఆ మళ్లింపుకు లొంగలేదు. తన ఏడుపు తను ఏడ్చేసి, హీరోని డాక్టర్లకు వదిలేసింది. ప్రేక్షకులను మైనపు ముద్దలనుకునే మన సిద్ధాంతంలో ఆమెకు చోటు లేదు.

ఇదే చిత్రానికి ఛాయాగ్రాహకుడు ఎ.విన్సెంట్. మూడేళ్ల ముందు 1968లో ఆయన మలయాళంలో ‘తులాభారం’ చిత్రానికి దర్శకుడు. దాని మూలం, కేరళ కమ్యూనిస్టు నాటకసంస్థ కె.పి.ఎ.సి. ప్రదర్శించిన తోప్పిల్ భాసి నాటకం. ఒకప్పుడు బాగా బతికిన ఇంటి ఆడపిల్ల కార్మిక నాయకుణ్ణి పెళ్లాడుతుంది. భర్త హత్యకు గురవుతాడు. ఆకలికి తాళలేని పిల్లలకు తల్లి తన చేత్తో విషం పెడుతుంది, తను మాత్రం బతికి బోనెక్కుతుంది. ఆ పాత్రకు మన తెనాలి శారద జాతీయ ఉత్తమనటి బహుమతి పొందింది. 1969లో దాన్ని వి.మధుసూదనరావు తెలుగులో ‘మనుషులు మారాలి’గా తీశారు, శారదే తల్లి, శోభన్‌బాబు భర్త. ఒకే కెమెరా మనిషి చేతుల మీదుగా తళుకు మహలూ ఆకలి గుడిసే రెండూ నడిచాయన్నమాట.

‘ప్రేమనగర్’లో విషం తాగినవాడు బతికాడు. ‘మనుషులు మారాలి’లో పిల్లలు బతకలేదు. ఈ తేడా చిన్నది కాదు. రెండో సినిమా ప్రేక్షకుడి కన్నీటికి ఏ ఓదార్పూ ఇవ్వకుండా వీధిలోకి పంపింది. తల్లి నేరస్తురాలా, ఆమెను ఆ స్థితికి తెచ్చినవారు నేరస్తులా అన్న ప్రశ్న తీరకుండానే వుండిపోయింది. ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ అంత్యక్రియలకు తెలుగులో సాటి వెతికితే నాకు కనిపించేది ఇదే. ఐతే శీర్షిక దగ్గర మాత్రం ఒక జంకు వుంది. తెలుగు పేరు మనుషులను మారమంటుంది. అదే దర్శకుడు 1970లో హిందీలో తీసినప్పుడు ‘సమాజ్ కో బదల్ డాలో’ అని సమాజాన్నే మార్చమన్నాడు. ఒకే కథకు ఈ రెండు పేర్లు మెలోడ్రామా మొత్తానికీ వున్న రెండు దారులు. ఒక దారి బాధను మనిషి గుణంలో వెతుకుతుంది; మరొకటి వ్యవస్థలో వెతుకుతుంది. కన్నీరు రెండు దారుల్లోనూ ఒకేలా కారుతుంది. అందుకే కన్నీటిని బట్టి సినిమాను తూచలేం.

మా గుణదలలో ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవం జరుగుతుంది. 1924లో ఫాదర్ అర్లాటి ప్రతిష్ఠించిన విగ్రహం దగ్గరికి అన్ని మతాలవాళ్లూ లక్షల సంఖ్యలో కొండెక్కుతారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ మెట్ల మీద ఆడవాళ్లు మాత ముఖం చూసి ఏడవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. యువకుడిగా వున్నప్పుడు దాన్ని అజ్ఞానమని కొట్టిపారేశాను. మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్ అదే చోట దానిలో పీడితుల బాధ కూడా పలుకుతున్నదని చెప్పిన సంగతి, చాలామంది లాగే నేనూ దాటవేశాను. కొండమీద ఏడ్చే స్త్రీ తన కష్టానికి కారణం తెలియక ఏడవడం లేదు. చెప్పుకునే చోటు వేరే లేక అక్కడ ఏడుస్తోంది. మాటినీలో ఏడ్చిన స్త్రీ కూడా అంతే. పోలీసు స్టేషనుకు పోయి చెప్పలేని గొలుసు కథను పిన్ని వాణిశ్రీ ముఖంలో చెప్పుకున్నది.

సర్క్ 1955లో తీసిన మరో చిత్రం ‘ఆల్ దట్ హెవెన్ అలౌస్’లో ఒక దృశ్యం వుంది. తోటపని చేసే యువకుణ్ణి ప్రేమించిన వితంతువును పిల్లలు ఆ పెళ్లి మాన్పించి, ఒంటరితనం పోగొట్టడానికి టెలివిజన్ పెట్టె బహుమతిగా ఇస్తారు. ఆరిపోయిన ఆ గాజు తెరలో ఆమె ముఖమే ఆమెకు కనిపిస్తుంది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చిన తర్వాత మన ఇళ్లలోకి కూడా ఆ పెట్టె నిండుగా వచ్చింది. రోజూ సాయంత్రం సీరియల్లో నగలు, మేడలు, నిందలు, కన్నీళ్లు. మాటినీలో వందమంది పక్కపక్కన కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇప్పుడు ఒక్కొక్కరి గదిలో వేరువేరుగా కారుతోంది. సీరియల్ ఎప్పటికీ ముగియదు కనక ఏ ప్రశ్నా ఏ కొసకూ చేరదు. పాత మెలోడ్రామాకు కనీసం ఒక ముగింపు వుండేది; ఆ ముగింపుతో మనం పోట్లాడగలిగేవాళ్లం.

అభ్యుదయ రచయితలుగా మన ముందున్న పని రెండు విధాలు. మొదటిది, రాయడంలో. అవమానం జరిగిన ఘట్టాన్ని పిన్ని గుర్తుపట్టేంత బలంగా రాసి, ఆ ప్రశ్నను చివరిదాకా మోసుకుపోయే కథ మనకు కావాలి. ఏడిపించడానికి సిగ్గుపడి, కేవలం వాదించి వదిలేసిన కథలు ఎన్ని రాశామో మనకు తెలుసు. అవి పిన్ని దాకా చేరలేదు. ‘మాభూమి’ చేరింది, ‘మనుషులు మారాలి’ చేరింది. రెండోది, వినడంలో. 1950, 60, 70లలో ఆ సినిమాలు చూసి, ఆ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన స్త్రీలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. మన చరిత్రలు నిర్మాతలనూ హీరోలనూ వందరోజుల పండగలనూ నమోదు చేశాయి. చూసినవాళ్లను నమోదు చేయలేదు. శాఖల వారీగా మన సభ్యులు తమ ఊళ్లో, తమ వీధిలో పదిమంది వృద్ధురాళ్ల దగ్గర కూర్చుని ఒకే ఒక ప్రశ్న అడగాలి: ఏ సినిమాలో, ఏ చోట ఏడ్చారు? జవాబును దిద్దకుండా రాసుకోవాలి.

నేను మా పిన్నితో మొదలుపెట్టాను. ‘మనుషులు మారాలి’ గురించి అడిగితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: “అది ఒక్కసారే చూశానురా. మళ్లీ చూడలేకపోయా. పిల్లలు నిద్రపోతున్నారనుకున్నా మొదట.” నోటుపుస్తకంలో రాసుకున్న మొదటి వాక్యం అది.